కాగితం జెండా వెనుక కాగితాల పని: మాజీ సైనికుల సంఘాలు నిజంగా ఏం చేస్తాయి?



ఏటా డిసెంబరు 7న చాలా స్కూళ్లలో పిల్లల చొక్కాలకు ఒక చిన్న కాగితం జెండా కనిపిస్తుంది. ఎరుపు, ముదురు నీలం, లేత నీలం రంగులు మన సైన్యానికి, నౌకాదళానికి, వాయుసేనకు గుర్తులు. అది సాయుధ దళాల పతాక దినోత్సవం. 1949 నుంచి జరుపుకొంటున్నాం. "ఈ డబ్బు ఎవరికి వెళ్తుంది?" అని పిల్లలు అడిగితే "సైనికులకు" అని చెప్పి ఊరుకుంటాం. నిజానికి ఆ విరాళం ఆయుధాలు కొనడానికి కాదు. విధుల్లో ప్రాణాలు కోల్పోయిన వారి కుటుంబాలకు, గాయపడిన జవాన్లకు, ఇబ్బందుల్లో ఉన్న మాజీ సైనికులకు, వారి పిల్లల చదువులకు అది ఖర్చవుతుంది.

అయితే నిధి ఉన్నంత మాత్రాన సాయం ఇంటికి చేరదు. దరఖాస్తు పెట్టాలి, పేర్లు సరిపోవాలి, ఏ ఆఫీసుకు ఏ కాగితం పంపాలో తెలియాలి. ఈ పనిలో తోడుండేవి మాజీ సైనికుల సంఘాలు. పరేడ్లలో, పుష్పగుచ్ఛాలు ఉంచే కార్యక్రమాల్లో మనం వారిని చూస్తాం కానీ, వారి శ్రమలో ఎక్కువ భాగం ఫైళ్ల మధ్యే జరుగుతుంది. ఆ పని గురించి మీకు రెండు కారణాలతో చెబుతున్నాం. మన పిల్లల తాతయ్యల్లో మాజీ సైనికులు ఉంటారు, ఆ ఇళ్లలో ఇప్పుడే సరిచూసుకోవలసిన విషయాలు కొన్ని ఉన్నాయి. మిగతా ఇళ్లలోనూ, సైనికుడి గౌరవం అంటే ఏమిటో పిల్లలకు చెప్పడానికి ఇది మంచి సందర్భం.

మన చుట్టూ ఇంతమంది ఎందుకు?

హైదరాబాద్ ఐటీ నగరం కాకముందే సైనిక నగరం. సికింద్రాబాద్ 1806లో కంటోన్మెంటుగానే మొదలైంది. సికిందర్ జా పేరు మీద ఏర్పడిన ఆ ఊరి చుట్టూ తిరుమలగిరి, బొల్లారం వంటి ప్రాంతాలు సైన్యంతోనే పెరిగాయి. దుండిగల్‌లో ఎయిర్‌ఫోర్స్ అకాడమీ, హకీంపేటలో వైమానిక స్థావరం, సికింద్రాబాద్‌లో సైన్యం ఎలక్ట్రానిక్స్, మెకానికల్ ఇంజినీర్లకు శిక్షణ ఇచ్చే ఈఎంఈ కళాశాల ఉన్నాయి. గచ్చిబౌలి నుంచి గోల్కొండ వైపు కాస్త దూరం వెళ్తే ఆర్టిలరీ సెంటర్ వస్తుంది. దేశం నలుమూలల నుంచి వచ్చిన యువకులు అక్కడ శిక్షణ పొందుతారు.

తెలుగు జిల్లాల నుంచి సైన్యంలోకి వెళ్లే సంప్రదాయమూ పాతదే. పశ్చిమ గోదావరిలో తాడేపల్లిగూడెం దగ్గరి మాధవరాన్ని అందరూ మిలిటరీ మాధవరం అనే పిలుస్తారు. అలాంటి ఊళ్ల నుంచి వెళ్లినవారిలో చాలామంది రిటైరయ్యాక ఆసుపత్రి, క్యాంటీన్, పిల్లల చదువు చూసుకొని హైదరాబాద్‌లో స్థిరపడ్డారు. పిల్లలు పెద్దవాళ్లై హైటెక్ సిటీలో ఉద్యోగాల్లో చేరాక, ఆ సుబేదార్లు, హవల్దార్లు, వింగ్ కమాండర్లు ఇప్పుడు కొండాపూర్, మియాపూర్, నల్లగండ్ల అపార్ట్‌మెంట్లలో మనవళ్లను స్కూలు బస్సు ఎక్కించే తాతయ్యలు. ఒకే తరహా ఉద్యోగం చేసినవాళ్లు నలుగురూ ఒకచోట ఉండే కంటోన్మెంటు వాతావరణం ఇక్కడ ఉండదు. కొత్త సర్క్యులర్ వచ్చిందని చెప్పే పొరుగువాడు ఉండడు. అందుకే సంఘం అవసరం ఇక్కడ మరింత ఎక్కువ.

ఇంకో విషయం చాలామందికి తెలియదు. సైనికుడి రిటైర్మెంట్ మన రిటైర్మెంట్ లాంటిది కాదు. దళాలను యవ్వనంలో ఉంచడం కోసం జవాన్లలో ఎక్కువమందిని 35 నుంచి 45 ఏళ్ల మధ్యే ఇంటికి పంపుతారు. దేశంలో ఏటా సుమారు 60 వేల మంది అలా బయటికి వస్తారు. మన ఐటీ ఉద్యోగంలో సీనియర్ మేనేజర్ అయ్యే వయసుకు ఆయన మొదటి ఉద్యోగం ముగిసిపోతుంది. పిల్లలు అప్పటికి ఆరో తరగతో ఏడో తరగతో చదువుతుంటారు. పెన్షన్ వస్తుంది, కానీ రెండో ఉద్యోగం తప్పదు.

ఆ రెండో ఉద్యోగం కోసం కేంద్ర ప్రభుత్వ గ్రూప్ సి పోస్టుల్లో 10 శాతం, ప్రభుత్వ రంగ బ్యాంకుల క్లర్కు పోస్టుల్లో 14.5 శాతం రిజర్వేషన్ ఉంది. ప్రైవేటు సెక్యూరిటీ సంస్థలు గార్డులను తీసుకునేటప్పుడు సైన్యంలో పనిచేసినవారికి ప్రాధాన్యం ఇవ్వాలని 2005 నాటి చట్టం చెబుతుంది. మన ఐటీ పార్కుల గేట్ల దగ్గర, కంట్రోల్ రూముల్లో మాజీ సైనికులు కనిపించడానికి కారణం ఇదే. గేటు దగ్గర నిలబడ్డ వ్యక్తి ఒకప్పుడు సియాచిన్‌లోనో రాజస్థాన్ ఎడారిలోనో ఇరవై ఏళ్లు పనిచేసి ఉండవచ్చు.

ఎవరి పని ఏది?

మాజీ సైనికుల వ్యవహారాలు మూడు చోట్ల నడుస్తాయి. ఈ తేడా తెలియకే చాలా కుటుంబాలు తప్పు ఆఫీసు చుట్టూ తిరుగుతాయి.

మొదటిది ప్రభుత్వ సంక్షేమ వ్యవస్థ. ఢిల్లీలో రక్షణ శాఖ కింద కేంద్రీయ సైనిక్ బోర్డు, రాష్ట్రంలో సైనిక సంక్షేమ శాఖ, దాని కింద స్థానిక సైనిక సంక్షేమ కార్యాలయాలు. మాజీ సైనికుల గుర్తింపు కార్డు, పిల్లల స్కాలర్‌షిప్పు సిఫారసు, ఆర్థిక సాయం దరఖాస్తు ఇక్కడి నుంచే వెళ్లాలి.

రెండోది ఆయన పనిచేసిన దళం రికార్డు ఆఫీసు. మనవాళ్లు ఇబ్బంది పడేది ఎక్కువగా ఇక్కడే. ఆర్టిలరీ రికార్డులు నాసిక్ రోడ్‌లో, మద్రాస్ రెజిమెంట్ రికార్డులు నీలగిరుల్లోని వెల్లింగ్టన్‌లో, మద్రాస్ ఇంజినీర్ల రికార్డులు బెంగళూరులో, ఈఎంఈ రికార్డులు సికింద్రాబాద్‌లో ఉంటాయి. పెన్షన్ మంజూరు చేసే ప్రధాన కార్యాలయం ప్రయాగ్‌రాజ్‌లో ఉంది. అంటే మియాపూర్‌లో ఉండే ఒక ఆర్టిలరీ హవల్దారు భార్య పేరులో ఒక అక్షరం మార్చాలంటే కాగితం నాసిక్ వెళ్లి, ప్రయాగ్‌రాజ్ చూసి రావాలి.

మూడోది స్వచ్ఛంద సంఘాలు. ఫీల్డ్ మార్షల్ కరియప్ప చొరవతో 1964లో ఏర్పడిన ఇండియన్ ఎక్స్ సర్వీసెస్ లీగ్, 1980లో మొదలైన ఎయిర్‌ఫోర్స్ అసోసియేషన్, నౌకాదళ అధికారుల నేవీ ఫౌండేషన్ వీటిలో పెద్దవి. ఇవి కాక రెజిమెంట్ల వారీగా, జిల్లాల వారీగా, కాలనీల వారీగా ఎన్నో చిన్న సంఘాలు ఉన్నాయి. వీటికి డబ్బు మంజూరు చేసే అధికారం లేదు. దారి తెలిసినవాడు దారి తెలియనివాడి చేయి పట్టుకోవడమే వాటి బలం.

మనదొక్కటే ఇలా కాదు. మొదటి ప్రపంచ యుద్ధం తర్వాత 1919లో అమెరికన్ లీజియన్, 1921లో రాయల్ బ్రిటిష్ లీజియన్ ఏర్పడ్డాయి. బ్రిటన్‌లో నవంబరులో కోటుకు పెట్టుకునే ఎర్ర గసగసాల పువ్వు మన డిసెంబరు జెండాకు అక్కలాంటిది. ఎక్కడైనా సమస్య ఒక్కటే: యుద్ధం ముగిసిన రోజున అందరూ చప్పట్లు కొడతారు, పదేళ్ల తర్వాత ఆ ఇంటి ఫైలు ఎక్కడుందో అడిగేవారు తక్కువ.

ఒక పేరు, మూడు రకాల రాత

సంఘం శాఖల నెలవారీ సమావేశాలకు వచ్చే సమస్యల్లో ఎక్కువ భాగం పేర్లు, పుట్టిన తేదీల చుట్టూ తిరుగుతాయి. మన తెలుగువారికి ఇది మరీ ఎక్కువ. మనం ఇంటిపేరు ముందు రాస్తాం. ఉత్తరాదిలో చివర రాస్తారు. యువకుడిగా చేరిన రోజున క్లర్కు ఇంటిపేరును వదిలేసి ఉండవచ్చు, లేదా ఒక అక్షరంగా కుదించి ఉండవచ్చు. పెళ్లయ్యాక సెలవులో ఇచ్చిన వివరాల్లో భార్య పేరు "లక్ష్మమ్మ" అని ఎక్కుతుంది. ఆధార్‌లో ఆమె "వెంకట లక్ష్మి". బ్యాంకులో ఇంటిపేరుతో కలిపి మరో రకం. ఆయన బతికి ఉన్నంత కాలం ఈ తేడా ఎవరికీ కనిపించదు, పెన్షన్ నెలనెలా పడుతూనే ఉంటుంది. ఆయన పోయిన తర్వాత, కుటుంబ పెన్షన్ కోసం ఆమె వెళ్లిన రోజున, "ఈ ముగ్గురూ ఒక్కరేనని రుజువు తెండి" అంటారు.

ఆ మాట అనే ఉద్యోగి చెడ్డవాడు కాదు. ప్రభుత్వ డబ్బు తప్పు మనిషికి వెళ్లకూడదన్నది ఆయన బాధ్యత. కానీ భర్తను కోల్పోయిన డెబ్బై ఏళ్ల తల్లికి, నిన్నటిదాకా బ్యాంకు పనంతా ఆయనే చూసిన ఇంట్లో, ఆ రుజువు పెద్ద కొండ. ఆయన సంతకం పెట్టి ఉంటే సులువుగా అయ్యే పని, ఆయన లేనప్పుడు నెలల తరబడి నడుస్తుంది. సంఘాల్లో అనుభవం ఉన్నవారు పదేపదే చెప్పేది ఇదే: కాగితాలు సరిచేసుకోవలసింది ఆయన ఆరోగ్యంగా ఉన్నప్పుడే.

మీ ఇంట్లో మాజీ సైనికుడు ఉంటే

ఈ సెలవుల్లో ఒక ఆదివారం నాన్నగారితోనో మామగారితోనో కూర్చొని ఈ కింది విషయాలు చూడండి.

• డిశ్చార్జి బుక్, పెన్షన్ పేమెంట్ ఆర్డర్ ఎక్కడున్నాయో ఇంట్లో ఇద్దరికి తెలియాలి. అందరూ పీపీఓ అనే ఆ ఆర్డర్‌లో జీవిత భాగస్వామి పేరు, పుట్టిన తేదీ ఉన్నాయా, అవి ఆధార్‌తో సరిపోతున్నాయా చూడండి.

• పుట్టిన తేదీ ఎందుకంత ముఖ్యమంటే, 80 ఏళ్లు నిండగానే పెన్షన్‌పై 20 శాతం అదనం మొదలవుతుంది. 85కు 30, 90కి 40, 95కు 50, నూరేళ్లకు 100 శాతం. కుటుంబ పెన్షన్ తీసుకునే అమ్మలకూ ఇది వర్తిస్తుంది. రికార్డులో తేదీ లేకపోతే ఆ అదనం దానంతట అది రాదు.

• పెన్షన్ ఖాతా భార్యాభర్తల ఉమ్మడి ఖాతాగా ఉంటే మంచిది. ఆయన తదనంతరం ఆమె కొత్త ఖాతా కోసం తిరగనక్కరలేదు.

• రక్షణ పెన్షన్లు ఇప్పుడు స్పర్శ్ అనే ఆన్‌లైన్ వ్యవస్థలోకి వచ్చాయి. లాగిన్ తెరిచి వివరాలు చూడండి. ఏటా లైఫ్ సర్టిఫికెట్ ఇవ్వడం మరిచిపోతే పెన్షన్ ఆగుతుంది. వేలిముద్రలు అరిగిపోయి మిషన్ తీసుకోకపోతే, జీవన్ ప్రమాణ్‌లో ముఖం చూపించి ఫోన్‌లోనే ఇచ్చే వీలుంది.

• దివ్యాంగులైన సంతానం ఉంటే అశ్రద్ధ చేయవద్దు. సంపాదించుకోలేని స్థితిలో ఉన్న బిడ్డకు తల్లిదండ్రుల తర్వాత జీవితాంతం కుటుంబ పెన్షన్ వచ్చే అవకాశం ఉంది. తల్లిదండ్రులు ఉండగానే ఆ పేరును పీపీఓలో చేర్పించుకోవచ్చు.

• వైద్యం కోసం 2003 ఏప్రిల్ 1న మొదలైన ఈసీహెచ్‌ఎస్ పథకం ఉంది. సాధారణంగా పాలీక్లినిక్ నుంచి రిఫరల్ తీసుకొని, పథకంలో ఉన్న ప్రైవేటు ఆసుపత్రికి వెళ్లాలి. అత్యవసరమైతే దగ్గరలోని ఆసుపత్రికే వెళ్లండి, 48 గంటల్లోపు పాలీక్లినిక్‌కు సమాచారం అందేలా చూడండి. మీ దగ్గరలో ఏ ఆసుపత్రులు పథకంలో ఉన్నాయో అవసరం రాకముందే రాసి ఫ్రిజ్ మీద అంటించండి.

• పెన్షనర్ చనిపోతే వెంటనే తెలియజేయాలి. ఆ తర్వాత ఖాతాలో పడిన పెన్షన్‌ను ఏటీఎంలో తీయకూడదు, అది తిరిగి కట్టవలసి వస్తుంది.

ఒక హెచ్చరిక. "లైఫ్ సర్టిఫికెట్ ఆగిపోయింది, ఓటీపీ చెప్పండి" అంటూ పెద్దవాళ్లకు మోసగాళ్ల ఫోన్లు వస్తుంటాయి. ఓటీపీ ఎవరికీ చెప్పకూడదని ఇంట్లో గట్టిగా చెప్పండి. డబ్బు పోయిన వెంటనే 1930కి ఫోన్ చేయాలి.

పిల్లల చదువుకు దొరికే సాయం

అధికారి హోదా కంటే కింది ర్యాంకుల్లో పనిచేసిన మాజీ సైనికుల పిల్లలకు ప్రధానమంత్రి స్కాలర్‌షిప్ పథకం ఉంది. 2006-07లో మొదలైన ఈ పథకం కింద ఏటా 5,500 మందికి, అందులో సగం అమ్మాయిలకు, వృత్తి విద్యా కోర్సులు చదవడానికి సాయం ఇస్తారు. అమ్మాయిలకు నెలకు రూ. 3,000, అబ్బాయిలకు రూ. 2,500. ఇంటర్మీడియట్ వంటి అర్హత పరీక్షలో కనీసం 60 శాతం మార్కులు రావాలి, కోర్సు మొదటి ఏడాదిలోనే దరఖాస్తు పెట్టాలి. గడువు సంగతి తెలియక రెండో ఏడాదిలో అడిగేవారే సంఘాల దగ్గరకు ఎక్కువగా వస్తారు. అప్పటికి చేయగలిగింది ఏమీ ఉండదు.

స్కూలు వయసు పిల్లలకు, హవల్దారు ర్యాంకు వరకు పనిచేసినవారి ఇళ్లకు, రక్షా మంత్రి మాజీ సైనికుల సంక్షేమ నిధి నుంచి ఇద్దరు పిల్లల దాకా నెలవారీ విద్యా సహాయం ఉంది. పతాక దినోత్సవ విరాళాలు చేరే చోట్లలో ఇదొకటి. అంటే మీ అబ్బాయి డబ్బాలో వేసిన పది రూపాయలు మరో ఊళ్లో ఇంకో పిల్లవాడి నోటు పుస్తకం కావచ్చు.

ఒక్కరు అడిగితే ఉత్తరం, పదిమంది అడిగితే నిర్ణయం

సంఘాలు ప్రభుత్వంతో మాట్లాడతాయి కూడా. ఒకే ర్యాంకు, ఒకే సర్వీసు ఉన్న ఇద్దరికి, రిటైరైన సంవత్సరం వేరైనంత మాత్రాన పెన్షన్ వేరుగా ఎందుకుండాలన్నది వారి పాత ప్రశ్న. 1980ల్లో రిటైరైన హవల్దారుకు తక్కువ, నిన్న రిటైరైన హవల్దారుకు ఎక్కువ వచ్చేది. ఒకే ర్యాంకు ఒకే పెన్షన్ కావాలని మాజీ సైనికులు ఏళ్ల తరబడి అడిగారు, 2015లో ఢిల్లీ జంతర్ మంతర్ దగ్గర దీక్షలకు కూర్చున్నారు. అదే ఏడాది నవంబరు 7న ప్రభుత్వ ఉత్తర్వు వచ్చింది. 2014 జూలై 1 నుంచి అమలు చేసి, ఐదేళ్లకోసారి సవరించాలని నిర్ణయించారు. అడిగినదంతా రాలేదని కొన్ని సంఘాలు ఇప్పటికీ అంటాయి. కానీ లక్షల ఇళ్లలో పెన్షన్ పెరిగింది.

ఇప్పుడు కొత్త ప్రశ్న ఎదురవుతోంది. 2022 జూన్‌లో ప్రకటించిన అగ్నిపథ్ కింద చేరినవారిలో 25 శాతం దాకా శాశ్వత సర్వీసులోకి వెళ్తారు. మిగతావారు నాలుగేళ్లకు సేవా నిధి తీసుకొని బయటికి వస్తారు, వారికి పెన్షన్ ఉండదు. ఇకపై సైన్యం నుంచి ఇంటికి వచ్చేవారిలో నడివయసు హవల్దార్లతో పాటు పాతికేళ్ల యువకులూ ఉంటారు. వారికి కావలసింది పీపీఓ కాదు, తర్వాతి చదువు, తర్వాతి ఉద్యోగం. ఐటీ కారిడార్‌లో ఉన్న మనలో చాలామంది ఆ విషయంలో మాట సాయం చేయగలవాళ్లమే.

మిగతా కుటుంబాలు ఏం చేయవచ్చు?

మొదటిది, పిల్లలకు సైనికుడంటే తుపాకీ మాత్రమే కాదని చెప్పండి. సైన్యంలో వంతెనలు కట్టేవారు, రేడియోలు బాగుచేసేవారు, నర్సులు, వంటవారు, డ్రైవర్లు ఉంటారు. 2024 సెప్టెంబరులో విజయవాడ మునిగినప్పుడు బుడమేరు గండ్లు పూడ్చే పనిలో సైన్యం ఇంజినీర్లు దిగారు. 2025 ఫిబ్రవరిలో శ్రీశైలం ఎడమగట్టు కాలువ సొరంగం కూలినప్పుడూ వచ్చారు. సూర్యాపేటకు చెందిన కర్నల్ సంతోష్ బాబు 2020 జూన్‌లో గల్వాన్‌లో, హైదరాబాద్‌కు చెందిన మేజర్ పద్మపాణి ఆచార్య 1999లో కార్గిల్‌లో ప్రాణాలిచ్చారు. ఇద్దరికీ మహావీర చక్ర వచ్చింది. ఆ పేర్లూ పిల్లలకు తెలియాలి, పేర్లు తెలియని వేలమంది పనీ తెలియాలి.

రెండోది, స్కూలుకు గానీ అపార్ట్‌మెంటుకు గానీ మాజీ సైనికులు మాట్లాడడానికి వచ్చినప్పుడు ఏం అడగాలో పిల్లలకు ముందే చెప్పండి. "ఎంతమందిని చంపారు?" అన్నది అడగకూడని ప్రశ్న. "ఇంటికి ఉత్తరం ఎన్ని రోజులకు వచ్చేది? భయం వేసినప్పుడు ఏం చేసేవారు? రిటైరయ్యాక ఏది కొత్తగా అనిపించింది?" అని అడగమనండి. ఆయన కళ్లలో వెలుగు చూస్తారు. జనవరి 14న, కరియప్ప 1953లో పదవీ విరమణ చేసిన రోజును, మాజీ సైనికుల దినోత్సవంగా జరుపుకొంటాం. మనకు ఆ సమయంలోనే సంక్రాంతి వస్తుంది. పక్క ఫ్లాటులో ఉన్న సుబేదార్ గారింటికి పిల్లల చేత అరిసెలు పంపండి.

మూడోది, మీకు చేతనైన సాయం చేయండి. స్కానింగ్, ఆన్‌లైన్ ఫారం, ఆధార్ అప్‌డేట్ మనకు పది నిమిషాల పని. డెబ్బై దాటినవారికి అది రోజంతా పడుతుంది. మీ గేటెడ్ కమ్యూనిటీలో నవంబరు నెలలో ఒక ఆదివారం ఇంటర్ చదివే పిల్లలు కూర్చొని పెద్దలకు లైఫ్ సర్టిఫికెట్ పనిలో సాయపడవచ్చు. ఒక నియమం మాత్రం పాటించాలి: పాస్‌వర్డు, ఓటీపీ ఆ పెద్దాయనే టైపు చేయాలి, పిల్లలు పక్కన ఉండి చూపించాలి.

చివరిగా, గేటు దగ్గర నిలబడ్డ వ్యక్తి మాజీ సైనికుడైనా కాకపోయినా, ఆయనకు ఒక పేరుంది. ఆ పేరేమిటో మీ పిల్లలకు తెలుసా అని ఈ రోజు అడిగి చూడండి.